తరిగొండ వెంగమాంబ, ఒక నోటుపుస్తకం

(హొసూరులో జరిగిన మహిళా కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలారా, అక్కచెల్లెళ్లారా, వెనక గోడకు ఆనుకుని నిలబడిన అన్నదమ్ములారా,

నన్ను ఈ సభకు పిలిచినప్పుడు మన అక్కలు ఒక షరతు పెట్టినారు. పి.ఎఫ్. గురించీ బోనస్ గురించీ గేటు మీటింగులో ఎట్లాగూ చెబుతావు, ఈ పొద్దు మాత్రం అవి వద్దు, ఒక ఆడమనిషి కథ చెప్పు అన్నారు. 1917లో ఇదే మార్చి 8న పెట్రోగ్రాడులో బట్టల మిల్లుల ఆడవాళ్లు మిషన్లు ఆపి రోడ్డెక్కిన సంగతి చెబుదామని నేను సిద్ధమై వచ్చినా. అది పోయినేడు చెప్పినావు కదన్నా అన్నారు. నిజమే, చెప్పినాను. దాచేదేముంది, దానికి ముందటేడు కూడా చెప్పినాను.

కాబట్టి ఈసారి ఒక కవయిత్రి కథ చెబుతాను. మొదట్లో నాకు తట్టింది చాలా దూరపు మనిషి, బ్రెజిల్ దేశపామె. ఆమె దగ్గరికి తర్వాత వస్తాను. ఆమె గురించి ఒక పుస్తకం చదువుతా ఉంటే నాకు నవ్వొచ్చింది. సముద్రం అవతలికి పోయి వెతుకుతున్నానే, చింతామణి దాటి మదనపల్లె బస్సెక్కితే మన పక్కనే ఒకామె ఉంది కదా అని. ఆమే తరిగొండ వెంగమాంబ.

తరిగొండ పాత చిత్తూరు జిల్లాలో, వాయల్పాడుకూ గుర్రంకొండకూ దగ్గర. అక్కడ లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. ఆ ఊరి పేరుకు ఒక కథ చెబుతారు. ఒకామె మజ్జిగ చిలుకుతుంటే కవ్వం కదలక నిలిచిపోయిందట. కుండలో చూస్తే నరసింహస్వామి విగ్రహం ఉందట. ఆ తరికుండే తరిగొండ అయిందంటారు. నాకు ఈ కథలో నచ్చేది ఒకటే. స్వామి దొరికింది యాగం చేసేవాడికి కాదు, పొద్దున్నే లేచి మజ్జిగ చిలికే ఆడమనిషికి.

ఆ ఊళ్లో 1730లో వెంగమాంబ పుట్టింది. తండ్రి కృష్ణయ్య, తల్లి మంగమ్మ, నందవరీక బ్రాహ్మణులు. మన కైవారం తాతయ్య పుట్టింది 1726లో అంటారు, అంటే ఇద్దరూ ఒక కాలంవాళ్లు. ఆయన గాజులమ్మే ఇంటి మనిషి, ఈమె బ్రాహ్మణుల బిడ్డ. ఆయన పాడిన తత్వాలు ఈ రోజుకూ మన ఊళ్లలో భజన కాడ వింటాం. ఆ కాలంలో ఈ సీమంతా ఎట్లుండిందో ఒకసారి తలచుకోండి. కడప నవాబు ఒకసారి, మరాఠావాళ్లు ఒకసారి, హైదరలీ ఒకసారి, టిప్పు ఒకసారి, ఆఖరికి కుంపిణీవాళ్లు. గుర్రంకొండ కోట ఎన్ని చేతులు మారిందో లెక్కలేదు. పంట చేతికొచ్చే లోపల పన్ను వసూలు చేసే దొర మారిపోయే కాలం అది.

అట్లాంటి కాలంలో ఒక ఆడపిల్ల ఊరికే కూర్చుని పాడుకుంటా ఉంటే ఇంట్లోవాళ్లు ఏమంటారు? పిచ్చి పట్టిందన్నారు. వైద్యం చేయించినారని కూడా చెబుతారు. చదువు చెప్పించలేదు. ఇది జనం చెప్పుకునే మాట కాదు, ఆమె తన పుస్తకం ముందు పద్యంలో తానే చెప్పుకుంది. చిన్ననాడు గురువు దగ్గర ఓనమాలు కూడా నేర్చుకోలేదని. అట్లా చెప్పిన మనిషి ఆ తర్వాత రాసిన పుస్తకాలు పద్దెనిమిది దాకా ఉన్నాయి.

కొందరు పండితులు దీన్ని వినయం అంటారు. పెద్ద కవులు తమకేమీ తెలియదని చెప్పుకోవడం ఆచారమేనంటారు. ఆమెకు రెండు వందల ఏండ్లు ముందు రామాయణం రాసిన మొల్ల కూడా తనకు శాస్త్రాలు తెలియవనే మొదలుపెట్టింది. అయితే నేను ఏడో తరగతిలో బడి మానేసి మిల్లులో చేరినవాణ్ని. ఓనమాలు రాకపోవడం ఎట్లుంటుందో, వచ్చినవాళ్ల మధ్య నోరు తెరవడం ఎట్లుంటుందో నాకు తెలుసు. మగ పండితుడు తనకేమీ తెలియదంటే అది వినయం. ఆడమనిషి అంటే ఆమెకు నిజంగా ఎవరూ చెప్పలేదని అర్థం. నా లెక్క అది.

చిన్నప్పుడే ఆమెకు పెండ్లి చేసినారు. మొగుడి పేరు ఇంజేటి వెంకటాచలపతి. కొద్ది కాలానికే అతను చనిపోయినాడు. అసలు కథ ఇక్కడినుంచి మొదలవుతుంది.

మొగుడు చచ్చిపోతే ఆ కులంలో ఆడదానికి తల గొరిగించాలి. గాజులు పగలగొట్టాలి, బొట్టు చెరపాలి, పూలు పెట్టుకోకూడదు, శుభకార్యానికి ఎదురు రాకూడదు. వెంగమాంబ అదేదీ ఒప్పుకోలేదు. నా మొగుడు వెంకటేశ్వరస్వామి, ఆయనకు చావు లేదు, కాబట్టి నేను ముండమోయలేదు అన్నది. గాజులు తీయలేదు, బొట్టు చెరపలేదు, తల ఇవ్వలేదు.

ఊరు ఊరుకుంటుందా? ఊరు ఎప్పుడైనా ఊరుకుందా? ఊళ్లో పెద్దలు వెలివేస్తామన్నారు. పుష్పగిరి పీఠాధిపతి ఆ దారిన వస్తే ఆయన ముందు పంచాయితీ పెట్టినారు. అక్కడ ఒక మహిమ జరిగిందని చెబుతారు. నాకు దండం పెట్టు అని స్వామి అంటే, మీరు ఆ పీఠం దిగండి, పీఠానికి పెడతాను అన్నదట. ఆయన దిగినాడట. ఆమె దండం పెట్టగానే ఆ పీఠం భగ్గున మండిపోయిందట.

అక్కలారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మనం కూర్చున్నది హొసూరు. 1920 జూన్ 6న హెచ్. నరసింహయ్యగారు పుట్టిన ఊరు. చదువుకోసం ఈ ఊరినుంచి బెంగుళూరికి నడిచిపోయినాయన. 1942లో జైలుకు పోయినాయన. బెంగుళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా ఉండి, 1976లో మహిమలను పరీక్షించడానికి కమిటీ వేసినాయన. మీ మహిమ మా ముందు చేసి చూపించండి అని బాబాలకు ఉత్తరాలు రాసిన మనిషి. ఆయన పుట్టిన ఊళ్లో నిలబడి పీఠం మండిపోయిందని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆయన ఉండి ఉంటే ఆ వెనక కుర్చీలో కూర్చుని నన్ను అడిగేవాడు, నువ్వు చూసినావా అని.

నేను చూడలేదు. అయితే ఈ కథను ఎందుకు చెప్పుకున్నారో మాత్రం నాకు అర్థమవుతుంది. ఒక విధవ ఒక మఠాధిపతిని లేచి నిలబడమన్నది. అంత ధైర్యం మామూలు ఆడమనిషికి ఉంటుందని ఊరికి నమ్మకం కుదరలేదు. కాబట్టి అందులో నిప్పు పెట్టినారు. ఆ నిప్పు తీసేసి చూసినా కథ చెడదు. ఒకామె ఒప్పుకోలేదు, పెద్దమనిషి తిరిగిపోయినాడు, అంతే. మన గేటు దగ్గర కూడా అట్లాంటివి జరిగినాయి. దానికి మహిమ అక్కర్లేకపోయింది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పనివ్వండి. మా నాయన పోయినప్పుడు నాకు తొమ్మిదేండ్లు. మేము బ్రాహ్మణులం కాదు, మాలో తల గొరిగించే ఆచారం లేదు. అయితే గాజులు ఉన్నాయి కదా. పదకొండో రోజు మా అమ్మను గోడ పక్కన కూర్చోబెట్టి, ఇద్దరు ముసలామెలు ఆమె చేతులు పట్టుకుని రాతికేసి కొట్టినారు. అవి ఎర్ర గాజులు. ముందు నెల సంతలో కొన్నవి. ఒక ముక్క ఆమె మణికట్టులో దిగింది. మూడో రోజుకే శెనక్కాయల చేలో కూలికి పోయింది, చేతికి గుడ్డ కట్టుకుని. పనికి విధవ పనికొస్తుంది, పెండ్లికే పనికిరాదు. ఆ తర్వాత నలభై ఏండ్లు బతికింది. మా చెల్లెలి పెండ్లిలో వంటింట్లోంచి బయటికి రాలేదు.

వెంగమాంబ కథ చదివినప్పుడల్లా నాకు గొంతులో ఒకటి అడ్డం పడుతుంది. ఆమె గెలిచింది, సంతోషమే. అయితే ఏమని చెప్పి గెలిచింది? దేవుడు నా మొగుడు అని చెప్పి. మా అమ్మ దేవుణ్ని పెండ్లాడలేదు. మా నాయననే పెండ్లాడింది. ఆయన చచ్చిపోయినాడు. మరి ఆమె ఏ కారణం చెప్పుకుని గాజులు ఉంచుకోవాలి? నా చేతులు నావి, ఈ గాజులు నా కూలి డబ్బులతో కొన్నవి అంటే వినే పంచాయితీ ఆ పొద్దు లేదు. వెంగమాంబ తనకు తలుపు తెరుచుకున్నది. ఆ తలుపులోంచి అందరూ పోవడానికి వీలు కాలేదు. ఇది ఆమె తప్పని నేను అనడం లేదు. 1750 ప్రాంతంలో ఒంటరి పిల్ల, చేతికి దొరికిన గడ్డపారతో గోడ పగలగొట్టింది. దొరికిన గడ్డపార భక్తి.

సరే, కథలోకి వద్దాం. మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికుడనే గురువు దగ్గర ఆమె యోగం నేర్చుకుంది. తరిగొండ నరసింహస్వామి మీద శతకం చెప్పింది. యక్షగానాలు రాసింది. గుళ్లో ఆంజనేయస్వామి విగ్రహం వెనక కూర్చుని ధ్యానం చేసుకునేదట. పూజారి చూసి బయటికి ఈడ్చినాడని చెబుతారు. ఆ తర్వాత ఆమె ఆ ఊరు వదిలిపెట్టి తిరుమలకు నడిచింది.

తిరుమల కొండమీద ఒంటరి ఆడమనిషి ఉండడమంటే ఈ రోజు బస్సులో పోయి గదిలో దిగి రావడం కాదు. అంతా అడవి, పులులు, జ్వరాలు. అక్కడ హాథీరాంజీ మఠంవాళ్లు కొంత ఆదరించినారు, తాళ్లపాక అన్నమయ్య వంశంవాళ్లు ఇల్లు ఇచ్చినారు అంటారు. అక్కడా పక్కింటి పోరు తప్పలేదు. పక్కింటాయన ఎంగిలి ఆకులు ఈమె వాకిట్లో వేసేవాడట. ఎన్నిసార్లు చెప్పినా వినలేదట. నవ్వకండి. మన లైన్ ఇండ్లల్లో ఎంగిలాకు తగాదాలు మీకు తెలియనివా? మహాకవయిత్రికి కూడా కష్టం ఎంగిలాకుల రూపంలోనే వచ్చింది. ఆమె ఆ ఇల్లు విడిచి అడవిలో తుంబురుకోన అనే లోయకు పోయి ఏండ్ల తరబడి ఉండి, తిరిగి కొండకు వచ్చింది.

ఆమె రాసినవి ఏమిటో కొన్ని చెబుతాను. వెంకటాచల మాహాత్మ్యం పద్యాల్లో రాసింది. భాగవతాన్నీ వాసిష్ఠ రామాయణాన్నీ ద్విపదలో రాసింది. రాజయోగామృతసారం కూడా ద్విపదే. విష్ణుపారిజాతం, శివనాటకం, బాలకృష్ణ నాటకం లాంటివి యక్షగానాలు. తత్వ కీర్తనలు కూడా ఉన్నాయి.

ఈ ద్విపద గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన సంగతి. ద్విపద అంటే రెండు పాదాలు. రెండు పాదాలు అయిపోతే ఒకటి పూర్తి, మళ్లీ రెండు, మళ్లీ రెండు, ఎంతదూరమైనా పోవచ్చు. రింగు ఫ్రేములో నూలు తెగకుండా కండె మీద చుట్టుకుంటా పోయినట్టు. చంపకమాల, ఉత్పలమాల అయితే గణాలు లెక్కపెట్టాలి, గురువు కావాలి. ద్విపదను రాగి విసురుతా పాడుకోవచ్చు, వడ్లు దంచుతా పాడుకోవచ్చు. వింటే చాలు, నోటికి వస్తుంది. పెద్ద పండితులు అందుకే దాన్ని చులకన చేసినారు. ముసలి లంజతో పోల్చి ద్విపద కావ్యాన్ని తిట్టిన సామెత కూడా ఉంది. ఆడవాళ్ల మధ్య చెప్పరాని సామెత, పూర్తిగా చెప్పను. అయితే అది తెలిస్తే మీకు ఇంకోటి అర్థమవుతుంది. ఏ ఛందస్సు ఆడవాళ్లకూ కూలివాళ్లకూ అందుతుందో దాన్నే తిట్టినారు. అన్నమయ్య భార్య తిమ్మక్క, తెలుగులో మొదటి కవయిత్రి అంటారు, ఆమె సుభద్రా కల్యాణం రాసింది కూడా ద్విపద రకంలోనే. అట్లాంటి ద్విపదలో వెంగమాంబ వేదాంతం రాసింది. వాసిష్ఠమంటే సంస్కృతంలో పండితులు తలలు బద్దలు కొట్టుకునే పుస్తకం. దాన్ని తెచ్చి తిరగలి పక్కన పెట్టింది. ఆడదానికి వేదాంతం చెప్పకూడదన్న కాలంలో అది చేసింది. నాకు ఆమె గాజుల కథకంటే ఇదే పెద్ద తిరుగుబాటుగా కనబడుతుంది.

యక్షగానం కూడా అంతే. చదువు రానివాడు కూడా రాత్రంతా కూర్చుని చూసేది. మన బాగేపల్లి పక్క ఊళ్లలో రాత్రి నాటకాలు మీరు చూసినవాళ్లే.

ఇంకొకటి ఆమె చేసిన పని అన్నం పెట్టడం. కొండ ఎక్కి వచ్చినవాళ్లకు నీళ్లు, అన్నం పెట్టించిందని చెబుతారు. నరసింహ జయంతికి పెద్ద ఎత్తున పెట్టేదట. 1817లో ఆమె చనిపోయింది. ఆ నాటికి గుడి పెత్తనం కుంపిణీవాళ్ల చేతిలో ఉంది. సమాధి తిరుమలలోనే ఉంది. ఈ రోజు తిరుమలలో ఉచితంగా అన్నం పెట్టే పెద్ద భవనానికి ఆమె పేరే. 2011లో తెరిచినారు. మీలో చాలామంది అక్కడ తిన్నవాళ్లే. తినేటప్పుడు బయట బోర్డు చదివినవాళ్లు చెయ్యెత్తండి. చూసినారా, నలుగురు. నేను కూడా మొదటిసారి చదవలేదు, ఆకలిగా ఉండింది.

అంతకంటే విచిత్రం ఒకటి ఉంది. తిరుమలలో రాత్రి ఆఖరి సేవ ఏకాంత సేవ. అప్పుడు తాళ్లపాక వాళ్ల జోల పాట, తరిగొండ వెంగమాంబ పేరుమీద ముత్యాల హారతి. గుళ్లోంచి ఈడ్చేసిన ఆడమనిషి హారతి లేకుండా స్వామి నిద్రపోడు. ఇందులో మహిమ ఉందో లేదో నరసింహయ్యగారు తేల్చేవారేమో గాని, న్యాయం మాత్రం ఉంది. కొంచెం ఆలస్యంగా వచ్చిన న్యాయం.

మన కమిటీలో ఒక కామ్రేడ్ నిన్న నన్ను అడిగినాడు. అన్నా, ఆమె కూలి గురించి ఏమైనా రాసిందా, పేదవాళ్ల గురించి రాసిందా, మన యూనియన్‌కు ఆమెతో ఏం పని అని. మంచి ప్రశ్న. ఆమె కూలి గురించి రాయలేదు. దేవుడి గురించే రాసింది. నేను గుడికి పోయే మనిషిని కూడా కాదు, మీకు తెలుసు. నాకు ఆమెతో ఉన్న పని వేరే.

ఆమె రాసింది ఎట్లా మిగిలింది అనేది నా ప్రశ్న.

తాళ్లపాకవాళ్ల పాటలు రాగిరేకుల మీద చెక్కించినారు, గుళ్లో ఒక అర కట్టి పెట్టినారు. అయినా వాటిని మళ్లీ వెలికి తీసింది 1922లో. రాగిరేకుకే ఆ గతి. మరి ఆడమనిషి తాటాకుకు ఏ గతి? వెంగమాంబకు కొండమీద ఒక ఇల్లుంది, ఆమెను గౌరవించేవాళ్లు ఉన్నారు, గుడితో సంబంధం ఉంది. అందుకని మిగిలింది. మొత్తం మిగలలేదు కూడా. కొన్ని పుస్తకాలకు పేర్లే ఉన్నాయి.

మిగిలినా బయటికి రానిస్తారా? తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని అనే ఆమె రాధికా సాంత్వనం రాసింది. వెంగమాంబ కాలంలోనే. తర్వాత అచ్చువేసినవాళ్లు అందులో కొన్ని పద్యాలు ఎత్తేసినారు. మన మైసూరు సీమలో 1878లో నంజనగూడులో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ ఆ సంగతి పట్టుకుంది. పాత ప్రతి వెతికి, 1910లో పూర్తి పుస్తకం అచ్చువేయించింది. ఆడది ఇట్లా రాయవచ్చునా అని మద్రాసులో గోల చేసినారు. 1911లో ఇంగ్లీషు ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1947 దాకా పోలేదు. ఆ పద్యాల్లో శృంగారం ఉంది, నిజమే. మగవాళ్ల ప్రబంధాల్లో లేనిదా? వాటిని ఎవరూ పట్టుకుపోలేదు.

ఇప్పుడు బ్రెజిల్ ఆమె దగ్గరికి వస్తాను. పేరు కరోలినా మరియా జి జెజూస్. 1914లో పుట్టింది, నల్లజాతి పేద కుటుంబం. బడికి పోయింది రెండేండ్లు. సావో పాలో అనే పెద్ద పట్టణంలో, నది పక్కన గుడిసెల్లో ఉండేది. ముగ్గురు పిల్లలు, మొగుడు లేడు. పొద్దున లేచి రోడ్ల మీద పాత కాగితాలు, ఇనుప ముక్కలు ఏరి అమ్మితే ఆ పూట కూడు. ఏరిన చెత్తలో ఖాళీ కాగితాలున్న నోటుపుస్తకం దొరికితే దాన్ని మాత్రం అమ్మేది కాదు. రాత్రి దాంట్లో రాసుకునేది. పద్యాలు రాసింది, కథలు రాసింది, ఆ రోజు ఎంత కాగితం ఏరింది, ఎంత డబ్బు వచ్చింది, బియ్యం ఎంత, పిల్లలు ఏం తిన్నారు అని రోజూ లెక్క రాసింది. 1958లో ఒక పత్రిక విలేఖరి ఏదో వార్తకోసం ఆ గుడిసెల్లోకి వచ్చినాడు. ఈమె అక్కడ ఎవరినో తిడుతూ ఉంది, మీ గురించి నా పుస్తకంలో రాస్తానని. ఏం పుస్తకం అని అడిగినాడు. చూపించింది. చదివినాడు. 1960లో అది పుస్తకమైంది, దేశమంతా చదివింది, ఎన్నో భాషల్లోకి పోయింది. ఆమె గుడిసె వదిలి ఇటుక ఇంటికి మారింది. అయితే జనం తొందరగానే మరిచిపోయినారు. 1977లో మళ్లీ పేదరికంలోనే చనిపోయింది. ఆమె పద్యాలను పుస్తకంగా వేసింది చనిపోయిన చాలా ఏండ్లకు.

ఆ విలేఖరి పేరు అవుదాలియో దాంతాస్. అతను చేసిన ఘనకార్యం ఏమిటి? ఒక ఆడమనిషి నోటుపుస్తకం చేతికిస్తే తెరిచి చదివినాడు. అంతే.

నేను అది చేయలేదు.

ఇది నేను ఎప్పుడూ సభలో చెప్పలేదు. నేను మిల్లులో రింగు ఫ్రేము మీద ఉన్న కాలంలో వైండింగులో ఒక అక్క పనిచేసేది. నాకంటే పదేండ్లు పెద్ద. నేను అప్పటికే యూనియన్ పనుల్లో తిరుగుతా, బులెటిన్‌కు వార్తలు రాసేవాణ్ని. ఒకరోజు భోజనాల బెల్లు కాడ ఆమె నా దగ్గరికి వచ్చింది. కొంగు కింద నుంచి వంద పేజీల నోటుపుస్తకం తీసింది. తమ్ముడూ, ఇవి నేను కట్టిన పాటలు, మా బిడ్డ చేత రాయించినాను, నాకు రాదు కదా, మీ పత్రికలో పనికొస్తాయేమో చూడు అన్నది. నేను సరేనక్కా అన్నాను. రెండు మూడు కాగితాలు తిప్పినాను. పొద్దున ఆరు గంటల కూత మీద ఒక పాట ఉంది. పత్తి దుమ్ము మీద ఒకటి. మొగుడు తాగి వచ్చే దాని మీద ఒకటి. ఆ ఆఖరిది చూసి, ఇది యూనియన్ పత్రికలో వేస్తే మగవాళ్లు గొడవ చేస్తారని మనసులో అనుకున్నాను. మన సభ్యులు ఎక్కువమంది మగవాళ్లే కదా, చందా కట్టేది వాళ్లే కదా అని కూడా అనుకున్నాను. పుస్తకాన్ని ఆఫీసులో బల్ల కింద పాత కరపత్రాల మీద పెట్టినాను.

నెల తర్వాత అడిగింది. చూస్తున్నానక్కా అన్నాను. ఇంకో నెల తర్వాత అడిగింది. ఈసారి అచ్చులో చోటు లేదక్కా అన్నాను. ఆ తర్వాత ఆమె అడగలేదు. ఆమె అడగకపోవడం నాకు హాయిగా ఉండింది, ఆ మాట కూడా చెప్పాలి. కొన్నాళ్లకు మిల్లులో ఒక సెక్షను మూసేసినారు, లెక్క తీర్చి పంపించినవాళ్లలో ఆమె ఉంది. తిరుప్పూరు పోయిందని విన్నాను. ఆఫీసు ఇల్లు మారేటప్పుడు బల్ల కిందున్న కాగితాలన్నీ కట్టలు కట్టి పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వేసినాము. కట్టలు కట్టింది నేనే. ఆ పుస్తకం అందులో పోయింది.

బ్రెజిల్‌లో చెత్త ఏరుకునే ఆమె చెత్తలోంచి నోటుపుస్తకం తీసి పాట రాసింది. ఇక్కడ యూనియన్ కార్యదర్శి పాటలున్న నోటుపుస్తకాన్ని చెత్తకు వేసినాడు. పుష్పగిరి స్వామినీ, గుళ్లోంచి ఈడ్చిన పూజారినీ, ఆకులు వేసిన పక్కింటాయననూ ఇంతసేపు నేను ఎక్కిరించినాను కదా. నా వరస కూడా ఆ వరసే. వాళ్లయినా ఆమెను కోపంతో తరిమినారు. నేను నవ్వుతా, సరేనక్కా అంటా చేసినాను.

ఆ అక్క పాటల్లో నాకు ఇప్పుడు గుర్తున్నది కూత పాటలో మొదటి రెండు మాటలే. మిగిలింది ఎంత గుర్తు తెచ్చుకోవాలన్నా రావడం లేదు. నిజానికి నేను పూర్తిగా చదివి ఉంటే కదా గుర్తుండేది. ఆమెను వెతికించినాను. తిరుప్పూరులో మన సంఘంవాళ్లకు చెప్పినాను, దొరకలేదు. ఇప్పుడు ఉంటే అరవై దాటి ఉంటుంది. మీలో ఎవరికైనా ఆమె గుర్తుంటే, వైండింగులో ఎడమ చేతి వాటం మనిషి, ఎప్పుడూ పాడుతా ఉండేది, నాకు చెప్పండి. ఆ పాటలు ఎవరి నోట్లోనైనా మిగిలి ఉన్నాయేమో కూడా చూడండి. పాత వైండింగు అక్కలు ఇక్కడ ఇద్దరు ముగ్గురు కనబడుతున్నారు.

ఇక పని మాట. బులెటిన్ ఆఖరి పేజీ వచ్చే సంచికనుంచి మీది. పోయిన ఆదివారం కమిటీలో తీర్మానం చేసినాము. ఇద్దరు వ్యతిరేకించినారు, వాళ్ల పేర్లు చెప్పను, వాళ్లూ ఇక్కడే ఉన్నారు. ఆ పేజీని చూసేది నేను కాదు. గార్మెంట్లలో పనిచేసే ఇద్దరు చెల్లెళ్లు, మిల్లునుంచి ఒక అక్క, ముగ్గురు చూస్తారు. పాట కావచ్చు, పద్యం కావచ్చు, కథ కావచ్చు, టార్గెట్టు గురించి కావచ్చు, ఇంట్లో మొగుడి గురించి కావచ్చు. చదువు రానివాళ్లు చెబితే రాసుకునేదానికి శనివారం సాయంత్రం ఆఫీసులో ఒకరు కూర్చుంటారు. కన్నడలో చెప్పినా కన్నడలో చెప్పినట్టే తెలుగు అక్షరాల్లో వేస్తాం.

ఇంకొకటి. పుస్తకం ఊరికే ఎవరి చేతికీ ఇవ్వవద్దు. చందా కడితే రసీదు ఇస్తాం కదా, అట్లే పుస్తకానికీ రసీదు బుక్కు ఒకటి వేయించినాను. పుస్తకం పేరు, ఎన్ని కాగితాలు, ఏ తేదీన తీసుకున్నాము, ఏ తేదీకి తిరిగి ఇస్తాము, కింద తీసుకున్నవాళ్ల సంతకం. నేను తీసుకున్నా సరే, సంతకం పెట్టించుకోండి. బుక్కు అదిగో, టీ పెట్టిన బల్ల మీద ఉంది. మొదటి రసీదు ఇంకా ఖాళీగానే ఉంది.